రెండు గంటల బ్యాచ్

పోయిన సెలవుల్లో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, రామాలయంలో ఏకాహం పెట్టారు. ఏకాహం అంటే తెలుసు కదా, ఒకరోజు సూర్యోదయానికి మొదలుపెడితే మర్నాడు సూర్యోదయం దాకా రామనామం ఆగకూడదు. ఊరివాళ్ళు బ్యాచ్‌లుగా విడిపోయి, మధ్యలో దీపం పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఉండే బ్యాచ్‌కి మనుషులు తక్కువయ్యారని తాతయ్య నన్ను లాక్కెళ్ళాడు. చిడతలు మాత్రమే వాయిస్తానని ముందే చెప్పేశా. ఆరో తరగతిలో ప్రార్థన పాడుతుంటే నా గొంతు విని, నువ్వు పెదాలు ఆడిస్తే చాలన్నారు టీచరు. అప్పట్నుంచీ నలుగురిలో నోరు విప్పింది లేదు.

గుడి గోడ మీద త్యాగరాజస్వామి పటం ఉంది. ఆయన చేతిలోనూ చిడతలే. తిరుగుతున్నంతసేపూ ఆ పటం ఎదురొస్తూనే ఉంది. హాస్టల్‌కి వచ్చాక ఆయన గురించి చదివాను.

త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టాడు. ఇంటిపేరు కాకర్ల, తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. బతుకంతా కావేరి ఒడ్డున తిరువయ్యారులోనే గడిచింది. సంగీతం నేర్పిన సొంఠి వెంకటరమణయ్య తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. శిష్యుడూ కొలువులో చేరితే డబ్బుకి లోటుండదు. కానీ రాజు పిలిచినా వెళ్ళలేదనీ, మండిపడ్డ అన్న పూజావిగ్రహాలను కావేరిలో పారేశాడనీ కథగా చెబుతారు. ఆయన ఎంచుకున్నది ఉంఛవృత్తి. అంటే వీధుల్లో పాడుతూ నడవడం, ఇళ్ళవాళ్ళు పోసిన బియ్యంతో ఆ పూట గడుపుకోవడం.

ఆయన రామనామం 96 కోట్లసార్లు జపించాడని కూడా అంటారు. మనం ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి లెక్క వేశా. రోజుకి లక్షా పాతిక వేల చొప్పున 7,680 రోజులు, అంటే 21 ఏళ్ళు. సెకనుకి ఒకటి అనుకున్నా రోజుకి 34 గంటల పైనే కావాలి! లెక్క పక్కన పెట్టేశా. నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది.

ఇప్పుడు మనకి దొరికే ఆయన పాటలు దాదాపు 700. వాటిలో పంచరత్నాలు పాడాలంటే ఏళ్ళ తరబడి సాధన చెయ్యాలి. అదే మనిషి భజనల కోసం దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా కట్టాడు. వీటిలో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరస. మొదటి చరణం వింటే రెండోదానికి గొంతు కలిపేయొచ్చు. అంత పెద్ద విద్వాంసుడు, పాడటం రానివాళ్ళని కూడా గుర్తు పెట్టుకున్నాడన్నమాట. కచేరీలో ఒకరు పాడితే మిగతావాళ్ళు వింటారు. భజనలో ఉత్తినే వినేవాళ్ళంటూ ఉండరు.

చివర్లో సన్యాసం తీసుకుని, 1847 జనవరి 6న ఆయన కన్నుమూశాడు. తర్వాత చాన్నాళ్ళకి, పాడుబడ్డ ఆ సమాధి దగ్గర బెంగళూరు నాగరత్నమ్మ అనే దేవదాసి తన సొంత సంపాదనతో గుడి కట్టించింది. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కాదు. ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళని కూడగట్టి విడిగా ఆరాధన జరిపించింది. ఇప్పుడు ఏటా పుష్య బహుళ పంచమికి అక్కడ ఆడా మగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడతారు. నువ్వు పాడొద్దు అనే మాట ఎంతమంది విన్నారో కదా అనిపించింది.

ఆ రాత్రి సంగతి పూర్తిగా చెప్పలేదు. మూడున్నరకి నలుగురమే మిగిలాం. ముందు నడుస్తున్న పెద్దాయన గొంతు బొంగురుపోయింది. ఇంకొకాయనకి దగ్గు తెర. తాతయ్య ఊపిరి తీసుకోబోయేచోట నామం తెగిపోయేలా ఉంది. నేనెప్పుడు నోరు తెరిచానో నాకే తెలీదు. శ్రుతి తప్పే ఉంటుంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగింటికి తర్వాతి బ్యాచ్ వచ్చేదాకా నామం ఆగలేదు.