అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) అమెరికా దేశానికి చెందిన వైద్యురాలు, లూథరన్ మిషనరీ. 1883లో గుంటూరుకు వచ్చి, మధ్యలో స్వదేశంలో గడిపిన సెలవుకాలం మినహా, జీవితాంతం అక్కడే స్త్రీలకు, పసిపిల్లలకు వైద్యసేవ చేసింది. ఈమె నెలకొల్పిన ఆసుపత్రి తరువాత కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందింది. తెలుగునాట కాన్పు, శిశుసంరక్షణ పనులలో స్థానిక స్త్రీలకు శిక్షణ లభించే పరిస్థితిని కల్పించిన తొలితరం వైద్యులలో ఈమె ముఖ్యురాలు.

బాల్యం, విద్యాభ్యాసం

కుగ్లర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. 1879లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలై, నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో స్త్రీల విభాగంలో పనిచేసింది. భారతదేశానికి వచ్చిన తొలి మహిళా మిషనరీ వైద్యురాలు క్లారా స్వెయిన్ చదివినదీ ఈ కళాశాలలోనే. ఇక్కడే 1886లో ఆనందీబాయి జోషి పట్టా పుచ్చుకున్నది. ఆనందీబాయి వైద్యవిద్య కోసం కలకత్తా నుండి అమెరికాకు ఓడ ఎక్కిన 1883వ సంవత్సరంలోనే కుగ్లర్ అమెరికా నుండి మన దేశానికి బయలుదేరడం ఒక విశేషం.

గుంటూరు రాక

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్‌ను 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ ప్రారంభించాడు. అక్కడ స్త్రీలకు వైద్యురాలి అవసరం ఉన్నదని ఒక మిషనరీ లేఖ వ్రాయగా కుగ్లర్ సంసిద్ధత తెలిపింది. అయితే లూథరన్ మహిళా సంఘంవారు వైద్యసేవను చేపట్టేందుకు అప్పటికి సిద్ధంగా లేరు. అందువల్ల ఆమె వైద్యురాలిగా కాక, ఘోషా స్త్రీల మధ్య పనిచేసే సాధారణ మిషనరీగా నియామకాన్ని అంగీకరించింది. వెంట మందులు మాత్రం తెచ్చుకున్నది. 1883 నవంబరులో గుంటూరు చేరింది. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు, కృష్ణా జిల్లాలో భాగం.

బాలికల పాఠశాలల బాధ్యత మోస్తూనే రోగుల ఇండ్లకు వెళ్ళి, తన నివాసంలోనూ చికిత్స చేసేది. మొదట్లో అగ్రవర్ణాల ఇండ్లలోకి ఆమెకు సులభంగా ప్రవేశం లభించలేదు. విదేశీయురాలు తాకిన నీరు, మందు పుచ్చుకోవడానికి చాలామంది సంకోచించారు. అయినా వచ్చేవారి సంఖ్య పెరుగుతూ పోయింది. చివరకు 1885 డిసెంబరులో సంఘంవారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. దేశంలో స్త్రీలకు వైద్యసహాయం అందించేందుకు లేడీ డఫరిన్ నిధి ఏర్పడినదీ అదే సంవత్సరం.

ఆసుపత్రి స్థాపన

1889లో కుగ్లర్ సెలవుపై అమెరికా వెళ్ళి, అక్కడి మహిళా సమాజాల నుండి ఆసుపత్రికి విరాళాలు సేకరించి తిరిగి వచ్చింది. 1893లో వైద్యశాల, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కాలక్రమంలో ప్రసూతి విభాగం, పిల్లల వార్డు మొదలైనవి చేరాయి. డాక్టర్ మేరీ బేర్ వంటి వైద్యురాండ్రు ఇక్కడ ఆమెతో కలిసి పనిచేశారు.

ఏలూరు జమీందారు ఒకరు తన భార్య కాన్పు సందర్భంలో కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి సమీపంలో రోగుల బంధువులకు సత్రం కట్టించాడు. ఇది చిన్న విషయం కాదు. ఎవరి వంట వారే వండుకొనే ఆచారం ఉన్న రోజులలో, బస లేక రోగిని తీసుకురాకుండా మానుకున్న కుటుంబాలు ఎన్నో ఉండేవి.

నర్సుల శిక్షణ

ఆ రోజులలో కాన్పులు దాదాపు అన్నీ ఇంటివద్ద మంత్రసాని చేతుల మీదుగా జరిగేవి. పురిటి మైల కారణంగా బాలింతను, బిడ్డను వేరుగా, తరచు గాలి వెలుతురు లేని గదిలో ఉంచేవారు. శుభ్రం చేయని కత్తితోనో కొడవలితోనో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాతం సోకి, పుట్టిన వారం పది రోజులలోనే శిశువులు మరణించేవారు. తల్లులకు పురిటి జ్వరం మరొక గండం. మంత్రసానికి అనుభవానికి కొదవ లేదు. క్రిములను గురించిన జ్ఞానం మాత్రం ఆమెకు చేరలేదు, చేర్చినవారూ లేరు.

వైద్యురాలు ఒక్కతె ఎంత శ్రమించినా రాత్రింబవళ్ళు మంచం పక్కన ఉండలేదు. ఆ స్థానంలో నిలువవలసినది నర్సు. అయితే రక్తం, పురుడు, మలమూత్రాలు తాకే పనిని మైలపనిగా భావించే సమాజంలో నర్సులు కావడానికి ముందుకు వచ్చే స్త్రీలు అరుదు. అందువల్ల దేశంలోని ఇతర మిషన్ ఆసుపత్రులలో వలెనే ఇక్కడ కూడా తొలి నర్సులు ఎక్కువగా స్థానిక క్రైస్తవ కుటుంబాల యువతులే. అమెరికా నుండి వచ్చిన నర్సు కేథరిన్ ఫాస్ ఈ పనిలో కుగ్లర్‌కు తోడ్పడింది. లండన్‌లో 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పాఠశాలతో మొదలైన నర్సింగ్ విద్య ఇటువంటి ఆసుపత్రుల ద్వారానే తెలుగు జిల్లాలకు చేరింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నర్సు చేయే ఆధారం. పారిస్‌లో స్టెఫాన్ టార్నియర్ 1880 ప్రాంతంలో శిశువులను వెచ్చగా ఉంచే పెట్టెలను వాడుకలోకి తెచ్చాడు. అటువంటి పరికరాలు లేనిచోట తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను నిలబెట్టగలిగినవి వెచ్చదనం, శుభ్రత, తల్లిపాలు, కనిపెట్టి చూసే మనిషి. పాలు పీల్చలేని బిడ్డకు చుక్క చుక్కగా పట్టడానికి గంటల తరబడి ఓపిక కావాలి. వెలుతురు, చప్పుడు తగ్గించి, బిడ్డను గూడువలె అమర్చిన గుడ్డల మధ్య పడుకోబెట్టి, దాని నిద్రకు భంగం కలుగకుండా పనులు చేసే పద్ధతి 1980ల తరువాత హైడెలీస్ ఆల్స్ వంటి వారి పరిశోధనలతో శాస్త్రరూపం దాల్చింది. తల్లి రొమ్ముకు బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1970ల చివర కొలంబియాలో మొదలైంది. కుగ్లర్ కాలపు నర్సులకు ఇవేవీ బోధనాంశాలు కావు. అయితే యంత్రం ఎంత మంచిదైనా బిడ్డ ఒంటి రంగులో, ఊపిరిలో మార్పును ముందుగా గమనించవలసినది నర్సే. ఈ విషయంలో నాటికీ నేటికీ తేడా లేదు.

పురస్కారాలు, చివరి రోజులు

ఈమె సేవలకు గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం 1905లో కైసర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. 1917లో మరొకసారి గౌరవించింది. ఆసుపత్రి చరిత్రను వివరిస్తూ ఆమె వ్రాసిన ఆంగ్ల గ్రంథం గుంటూరు మిషన్ హాస్పిటల్ 1928లో వెలువడింది. మతప్రచారం ఆమె పనిలో విడదీయరాని భాగమని, ఆ దృష్టితోనే ఆమె అనేక విషయాలను చూసిందని ఈ గ్రంథాన్ని చదివేవారు గుర్తుంచుకోవాలి. ఆనాటి మంత్రసానులు, గృహిణులు తమ వైపు కథను వ్రాసి ఉంచలేదు.

చివరి సంవత్సరాలలో ఆరోగ్యం క్షీణించినా కుగ్లర్ గుంటూరును విడిచిపెట్టలేదు. 1930 జూలై 26న అక్కడే మరణించింది. అనంతరం ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.