బహుభాషావేత్త ఉమర్ ఆలీషా కవి

ఉర్దూ, తెలుగు భాషలను కలిపి అభ్యసించే మనకు మౌల్వీ ఉమర్ ఆలీషా కవి జీవితం ఆదర్శప్రాయం. 1885లో పిఠాపురంలో సూఫీ పీఠాధిపతుల వంశంలో జన్మించిన ఆయన అరబ్బీ, పారశీకం, ఉర్దూలతోపాటు సంస్కృతాంధ్రాలను దీక్షతో నేర్చారు.

భాష వచ్చుననగా పదాలను పోగుచేసుకొనుట మాత్రమే కాదు. ఎదుటివారి మాటను శ్రద్ధగా వినాలి, మనసున నిలుపుకోవాలి, తగిన మాటతో బదులివ్వాలి. ఈ మూడు శక్తులనూ ఆయన అవధానాలలో నిరూపించారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆంగ్లం మీదుగా గాక, పారశీక మూలం నుండే తెలుగు పద్యాలుగా మలిచారు. 1935లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. 1945లో కీర్తిశేషులయ్యారు.

తెలుగు మనది కాదేమోనని సంకోచించే విద్యార్థికి ఆ జీవితమే సమాధానం. శ్రమించి నేర్చిన భాష ఎవరికైనా సొంతమే.