ఫారడే: అయస్కాంతమును, రక్తమును

రక్తమునందు ఇనుము గలదు గదా, అయస్కాంతము దానిని లాగవలదా యని బాలురు ప్రశ్నించుట కద్దు. ఈ సందేహమును ప్రయోగముచే పరీక్షించిన మహనీయుడు మైకేల్ ఫారడే.

ఆయన 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత నొక కమ్మరి యింట జన్మించెను. బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు మాత్రమే. 14వ యేట పుస్తకములు బైండు చేయువానికడ పనికి కుదిరి, బైండింగునకు వచ్చిన గ్రంథములనే చదివి విద్యుచ్ఛాస్త్రమునందు రుచి గనెను. 1812లో డేవీ పండితుని నాలుగు ఉపన్యాసములు విని, తాను వ్రాసికొనిన దానిని అందముగా బైండు చేసి ఆయనకే పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆ పండితునికే సహాయకుడయ్యెను. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తు పుట్టించెను. నేడు బిలోలిలో మన దీపములు వెలుగుటకు చాలవరకు ఆ సూత్రమే ఆధారము.

మన ప్రశ్నకు సంబంధించిన ప్రయోగము 1845 నవంబరునాటిది. బలమైన అయస్కాంత ధ్రువముల నడుమ ఒక గాజుముక్కను వ్రేలాడదీయగా, అది ఇనుమువలె ధ్రువములవైపు తిరుగక అడ్డముగా నిలిచెను. ఫారడే ఆశ్చర్యపడి చేతికందిన వస్తువునెల్ల పరీక్షించెను: రొట్టె, ఆపిలు, మాంసము, తుదకు రక్తము. అన్నియు అతి స్వల్పముగా దూరమునకే నెట్టబడెను! రక్తములోని ఇనుము మేకులోని ఇనుమువంటిది కాదు. ప్రాణవాయువును విడిచిన హిమోగ్లోబిను మాత్రము రవ్వంత ఆకర్షింపబడునని 1936లో పాలింగ్, కోరియెల్ కనుగొనిరి.

మరి రోగములతో పోరాడు తెల్లకణముల మాట యేమి? ప్రయోగశాలలలో వానిని అయస్కాంత క్షేత్రమునం దుంచి చూచినవారికి కొన్నియెడల మార్పు కనబడినది, కొన్నియెడల లేదు. క్షేత్రబలము, కాలము, కణముల జాతి మారినకొలది ఫలితము మారుచున్నది. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రపు అయస్కాంతము తరచుగా భూమి అయస్కాంతశక్తికి సుమారు 30,000 రెట్లుండును. అయినను సంతలో అమ్ము అయస్కాంతపు కడియము రోగనిరోధకశక్తిని పెంచునని ఎవరును నిరూపింపలేదు. అట్టిదానికి మన పెద్దలు రూపాయలు వెచ్చించుట నాకు నచ్చదు.

ఫారడే తన విఫలప్రయోగములనుగూడ దినచర్యలో వ్రాసి యుంచెడివాడు. 1862 మార్చిలో, వృద్ధాప్యమున జ్ఞాపకశక్తి సన్నగిల్లియున్నను, అయస్కాంతముచే జ్వాలయొక్క వెలుగు మారునాయని పరీక్షించి, మార్పు కనబడలేదని వ్రాసికొనెను. అదియే ఆయన కడపటి ప్రయోగము. 1867 ఆగస్టు 25న కన్నుమూసెను. ఆ మార్పును అంతకన్న మేలైన పరికరములతో 1896లో జేమన్ చూచెను.