పదోన్నతి దక్కని మహనీయుడు

అనంతపురంలో కరువు ఫైళ్ళ నడుమ పనిచేసే రోజుల్లో, నాకంటే జూనియరుకు ముందుగా ప్రమోషను ఇచ్చారు. రాజీనామా రాసుకున్నాను. ఆ రాత్రి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివి ఆ కాగితం చింపేశాను.

1895లో భీమవరంలో జన్మించిన వారు, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో హార్వర్డు చేరారు. 1925లో ఫిస్కే గారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. అయినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. వారి పర్యవేక్షణలో ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు, ఆరియోమైసిన్ వెలువడ్డాయి. 1948లో కన్నుమూశారు.

మన ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక వారి కృషి ఉంది. పదవి ఇవ్వడం పైవారి చేతిలోది. పని మాత్రం మన చేతిలోది.