లియో ఫెండర్

లియో ఫెండర్ (ఆగస్టు 10, 1909 - మార్చి 21, 1991) విద్యుత్ గిటార్లను, వాటికి కావలసిన ట్యూబు యాంప్లిఫైయర్లను రూపొందించి పెద్ద ఎత్తున తయారు చేసిన అమెరికా ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయన పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్లు, ప్రెసిషన్ బేస్ గిటారు ఈయనకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిపెట్టాయి. అయితే గిటార్ల కంటే ముందు నుంచి ఈయన పని రేడియోలతోను, యాంప్లిఫైయర్లతోను ముడిపడి ఉంది. ఎంత గట్టిగా వినిపించినా ధ్వని చెడకుండా స్వచ్ఛంగా ఉండాలన్నది ఈయన లక్ష్యం. వాద్యకారులు మాత్రం ఆ యాంప్లిఫైయర్లనే వాటి శక్తికి మించి వాడి, అప్పుడు పుట్టే బొంగురు ధ్వనిని బ్లూస్, రాక్ సంగీతాలకు ప్రాణంగా చేసుకున్నారు. ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు.

బాల్యం, విద్య

లియో ఫెండర్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనాహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల మధ్య జన్మించాడు. తల్లిదండ్రులకు అక్కడ నారింజ తోట ఉండేది. ఎనిమిదేళ్ళ వయసులో కణితి కారణంగా ఒక కన్ను కోల్పోవడంతో గాజు కన్ను అమర్చారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో చేరవలసిన అవసరం లేకపోవడానికి ఇదే కారణం.

ఈయన మేనమామ శాంటా మరియాలో మోటారు వాహనాల విద్యుత్ పరికరాల దుకాణం నడిపేవాడు. 1922లో అక్కడికి వెళ్ళిన లియో, విడిభాగాలతో మేనమామ తయారు చేసిన రేడియోను చూశాడు. దాని స్పీకరు నుంచి పెద్దగా వినవచ్చిన సంగీతం ఆ బాలుని మనసులో చెరగని ముద్ర వేసింది. 1928లో ఫుల్లర్టన్‌లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, అక్కడి జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం చదివాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఏ శిక్షణా పొందలేదు. ఆ విద్యను పుస్తకాల ద్వారా, చేతిపని ద్వారా స్వయంగా నేర్చుకున్నాడు. 1934లో ఎస్తర్ క్లోస్కీని వివాహం చేసుకున్నాడు.

రేడియో దుకాణం

ఆర్థిక మాంద్యం రోజులలో ఫెండర్ లెక్కలు వ్రాసే ఉద్యోగాలు చేసి, వాటిని ఒకదాని వెంట ఒకటి పోగొట్టుకున్నాడు. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ అనే దుకాణం తెరిచాడు. రేడియోలు, గ్రామఫోన్లు బాగు చేయడం, సభలకు, నాట్య కార్యక్రమాలకు మైకు సెట్లు అద్దెకివ్వడం ఇక్కడి పని. చుట్టుపక్కల వాద్య బృందాలవారు తమ యాంప్లిఫైయర్లు చెడిపోతే ఇక్కడికే తెచ్చేవారు. ఏ భాగం త్వరగా పాడవుతుంది, ఏ అతుకు ఊడిపోతుంది అన్న సంగతులు ఫెండర్‌కు ఈ మరమ్మతుల ద్వారానే తెలిశాయి. తరువాత తాను చేసిన యాంప్లిఫైయర్లు గట్టిగా, సులభంగా విప్పి బాగు చేయడానికి వీలుగా ఉండటానికి ఈ అనుభవమే ఆధారం.

1945లో డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారునితో కలిసి కె అండ్ ఎఫ్ పేరిట హవాయి పద్ధతి గిటార్లను, వాటికి తగిన చిన్న యాంప్లిఫైయర్లను తయారు చేశాడు. 1946లో కాఫ్‌మన్ తప్పుకున్నాడు. అప్పుడు ఫెండర్ సొంత పేరుతో కంపెనీ స్థాపించాడు.

యాంప్లిఫైయర్లు, గిటార్లు

గిటారు తీగ కదలిక వలన పికప్‌లో పుట్టే విద్యుత్ సంకేతం చాలా చిన్నది. దానిని స్పీకరును కదిలించగలిగేంత పెద్దది చేయడం యాంప్లిఫైయర్ పని. ఆ రోజులలో ఈ పనికి ట్యూబులు వాడేవారు. మన ఇళ్ళలోని పాత రేడియోలలో వాల్వులుగా పిలిచినవి ఇవే.

1946 నుంచి ప్రిన్స్‌టన్, డీలక్స్, ప్రొఫెషనల్ అనే పేర్లతో ఫెండర్ యాంప్లిఫైయర్లు వెలువడ్డాయి. 1940 దశకం చివర వీటికి పెట్టెల మీద అంటించే ట్వీడ్ గుడ్డ వచ్చింది. అందువలన 1960 వరకు వచ్చిన వాటిని ట్వీడ్ యాంప్లిఫైయర్లు అంటారు. 1950లో ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ గిటార్లు వచ్చాయి. బ్రాడ్‌కాస్టర్‌కు 1951లో టెలీకాస్టర్ అని పేరు మార్చారు. అదే సంవత్సరం ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టర్ మార్కెట్లోకి వచ్చాయి.

ఫెండర్ తన యాంప్లిఫైయర్లను చుట్టుపక్కల క్లబ్బులలో వాయించే కళాకారులకు ఇచ్చి, వారి అభిప్రాయాలను బట్టి సర్క్యూట్లు మార్చేవాడు. నాట్యశాలలు పెద్దవి కావడం, బృందాల శబ్దం పెరగడంతో ఎక్కువ శక్తి కావాలని వారు కోరేవారు. అందుకే ఒకే మోడలుకు పదేళ్ళలో అనేక రూపాలు కనిపిస్తాయి.

తక్కువ వాల్యూములోను, ఎక్కువ వాల్యూములోను ధ్వని

ట్యూబు యాంప్లిఫైయర్ ధ్వని వాల్యూముతో పాటు పెద్దది కావడమే కాక, స్వభావం కూడా మార్చుకొంటుంది. దీనికి కారణాలు అనేకం.

వాల్యూము తక్కువగా ఉన్నప్పుడు సంకేతం ట్యూబు హద్దులలోనే ఉంటుంది. లోపలికి వచ్చిన తరంగమే దాదాపు అదే ఆకారంతో పెద్దదై బయటికి వస్తుంది. ధ్వని స్వచ్ఛంగా ఉంటుంది. వాల్యూము పెంచినకొద్దీ తరంగ శిఖరాలు ట్యూబు హద్దులను తాకి, గుండ్రంగా అణగిపోయి, చివరకు చదునవుతాయి. ఆకారం మారిన తరంగంలో మూల స్వరంతో పాటు కొత్త అనుస్వరాలు పుడతాయి. చెవికి అది మొదట చిక్కదనంగా, తరువాత గొంతు బొంగురుపోయినట్లుగా వినిపిస్తుంది. దీనినే డిస్టార్షన్ అంటారు. శిఖరాలు అణగిపోవడం వలన గట్టిగా మీటిన స్వరానికి, మెల్లగా మీటిన స్వరానికి మధ్య తేడా తగ్గి, స్వరం ఎక్కువసేపు నిలిచినట్లుంటుంది.

విద్యుత్ సరఫరా పాత్ర కూడా ముఖ్యమే. 1955-60 మధ్య వచ్చిన డీలక్స్‌లో ఏసీని డీసీగా మార్చడానికి కూడా ట్యూబునే వాడారు. గట్టిగా వాయించినప్పుడు దానిపై భారం పెరిగి ఓల్టేజి ఒక క్షణం కుంగి, మళ్ళీ లేస్తుంది. స్వరం మొదట అణగి, తరువాత ఉబ్బినట్లు వినిపించడానికి ఇది ఒక కారణం. 1963లో వచ్చిన ట్విన్ రివెర్బ్‌లో ఆ స్థానంలో సిలికాన్ డయోడ్లు ఉన్నందున ఈ కుంగుబాటు తక్కువ.

బయటికి వెళ్ళే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపాలను సరిదిద్దే పద్ధతిని ఋణ పునర్నివేశం అంటారు. ట్విన్, బేస్‌మన్ వంటి వాటిలో ఇది ఉంది. వాటి ధ్వని చాలాదూరం స్వచ్ఛంగా ఉండి, హద్దు దాటగానే ఒక్కసారిగా మారుతుంది. పైన చెప్పిన డీలక్స్‌లో ఇది లేదు. దాని ధ్వని క్రమక్రమంగా బొంగురుపోతుంది.

కొన్ని మోడళ్ళలో వాల్యూము మీటకు ఒక చిన్న కెపాసిటరు జోడించి ఉంటుంది. వాల్యూము తక్కువగా ఉన్నప్పుడు అది హెచ్చు శ్రుతి ధ్వనులను ఎక్కువగా వదులుతుంది. అందువలన ధ్వని పలుచగా, పదునుగా ఉంటుంది. మీటను చివరివరకు తిప్పితే దాని ప్రభావం పోతుంది.

మన చెవి కూడా ఈ తేడాకు కారణమే. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మంద్ర, హెచ్చు శ్రుతులు మనకు మధ్య శ్రుతుల కంటే బలహీనంగా వినిపిస్తాయని ఫ్లెచర్, మున్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో చూపారు. కనుక యాంప్లిఫైయర్ ఏమీ మారకపోయినా, పెద్దగా విన్న ధ్వనే నిండుగా తోస్తుంది. దీనికి తోడు, ఎక్కువ వాల్యూములో స్పీకరు కాగితం కూడా తన హద్దులలో కదులుతుంది, ఆ శబ్దం గిటారు తీగలను మళ్ళీ కంపింపజేస్తుంది.

వాట్ల లెక్క చాలామందిని పొరబాటు పడేటట్లు చేస్తుంది. శక్తి రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు శబ్దంగా తోచాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. 5 వాట్ల చాంప్ కూడా ఇంటి గదిలో చాలా పెద్దగానే వినిపిస్తుంది. తక్కువ శబ్దంతో బొంగురు ధ్వని కావాలనుకున్నవారు చిన్న యాంప్లిఫైయర్లను పూర్తిగా తెరిచి వాడుకున్నారు. 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోలో ఎరిక్ క్లాప్టన్, డ్యుయేన్ ఆల్మన్ ఇటువంటి చిన్న ఫెండర్ యాంప్లిఫైయర్లతోనే రికార్డు చేశారు.

బేస్‌మన్, షోమన్

ప్రెసిషన్ బేస్ గిటారు కోసం 1952లో బేస్‌మన్ యాంప్లిఫైయర్ వచ్చింది. దశకం మధ్యలో ఒక 15 అంగుళాల స్పీకరు స్థానంలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు పెట్టారు. మంద్ర స్వరాల కోసం చేసిన ఈ పెట్టెను గిటారు కళాకారులు తమదిగా చేసుకున్నారు. 1958-60 మధ్య తయారైన 5ఎఫ్6-ఏ సర్క్యూటు వీటన్నిటిలో ప్రసిద్ధమైనది.

కాలిఫోర్నియా తీరంలో సర్ఫ్ సంగీతానికి పేరుపొందిన డిక్ డేల్ పెద్ద నాట్యశాలలలో వాయించేవాడు. అంత శబ్దానికి ఆయన వాడిన యాంప్లిఫైయర్లు, స్పీకర్లు తరచు కాలిపోయేవి. ఫెండర్, సహచరుడు ఫ్రెడ్డీ టవారెస్ ఈ సమస్యపై పని చేసిన ఫలితంగా 1960లో షోమన్ యాంప్లిఫైయర్ వెలువడింది. దానికి జేబీఎల్ కంపెనీ 15 అంగుళాల స్పీకరు అమర్చారు. డిస్టార్షన్ కనిపించిన చోటల్లా ఫెండర్ ఎంచుకున్న మార్గం ఇదే: మరింత శక్తి, మరింత పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, మరింత గట్టి స్పీకరు.

లండనులో

అమెరికా యాంప్లిఫైయర్లు ఇంగ్లండులో ఖరీదైనవి. లండనులో వాద్యాల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్, తన సాంకేతిక నిపుణులు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో బేస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూటు ఆధారంగా జేటీఎమ్45 యాంప్లిఫైయరును తయారు చేయించాడు. 1963 నాటికి అది అమ్మకానికి వచ్చింది. ట్యూబులు, స్పీకర్లు, పెట్టె వేరు కావడంతో అది త్వరగా, మరింత దట్టంగా బొంగురుపోయేది. 1966లో జాన్ మాయల్ బృందం ఆల్బమ్ కోసం క్లాప్టన్ స్టూడియోలో మార్షల్ యాంప్లిఫైయరును పెద్ద వాల్యూములో వాడాడు. అప్పటి ఇంజనీర్ల అలవాటుకు అది విరుద్ధం. ఆ ధ్వని తరువాతి రాక్ గిటారుకు ఒరవడి అయింది. ఆ విధంగా, ఫెండర్ లోపంగా భావించి దూరం చేయాలనుకున్నది ఆయన సర్క్యూటు ద్వారానే ప్రపంచమంతా వ్యాపించింది.

కంపెనీ అమ్మకం

ఫెండర్‌ను సైనస్ ఇన్ఫెక్షను ఏళ్ళ తరబడి బాధించింది. ఆరోగ్యం కుదుటపడదని భావించి కంపెనీని అమ్మడానికి సిద్ధపడ్డాడు. జనవరి 1965లో సీబీఎస్ సంస్థ దానిని 1 కోటీ 30 లక్షల డాలర్లకు కొన్నది. అమ్మకం తరువాత చికిత్స ఫలించి ఫెండర్ కోలుకున్నాడు. కాని అప్పటికి కంపెనీ చేయి దాటిపోయింది. ఒప్పందం ప్రకారం పదేళ్ళ పాటు పోటీ వ్యాపారం చేయరాదు.

సీబీఎస్ 1972లో ట్విన్ రివెర్బ్‌కు మాస్టర్ వాల్యూము చేర్చింది. ముందు దశను గట్టిగా నడిపి, మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే ఇందులో చివరి ట్యూబులు, స్పీకరు తమ హద్దులకు చేరవు కనుక ఈ ధ్వని పూర్తి వాల్యూము ధ్వనికి సమానం కాదు. 1977లో ట్విన్ శక్తిని 135 వాట్లకు పెంచారు. అప్పటికి చాలామంది కళాకారులు తక్కువ శక్తి గల పాత ట్వీడ్ పెట్టెలను వెదికి కొంటున్నారు.

తరువాతి జీవితం

1970 దశకంలో ఫెండర్ పాత సహచరులతో మ్యూజిక్ మ్యాన్ సంస్థలో పని చేశాడు. 1975లో దానికి అధ్యక్షుడయ్యాడు. ఈ సంస్థ యాంప్లిఫైయర్లలో ముందు దశలో ట్రాన్సిస్టర్లు, చివరి దశలో ట్యూబులు ఉండేవి. 1979లో భార్య ఎస్తర్ మరణించింది. అదే కాలంలో జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ సంస్థను ప్రారంభించాడు. 1980లో ఫిల్లిస్‌ను వివాహమాడాడు. పార్కిన్సన్ వ్యాధి సోకినా చివరి రోజుల వరకు కార్ఖానాకు వెళ్ళి పికప్‌ల మీద ప్రయోగాలు చేసేవాడు.

సీబీఎస్ 1985లో ఫెండర్ కంపెనీని ఉద్యోగుల బృందానికి అమ్మివేసింది. ఆ కొత్త యాజమాన్యం 1990లో 1959 నాటి బేస్‌మన్‌ను తిరిగి తయారు చేయడం ప్రారంభించింది. ఫెండర్ అప్పటికి జీవించే ఉన్నాడు.

మరణం, గుర్తింపు

లియో ఫెండర్ మార్చి 21, 1991న ఫుల్లర్టన్‌లో మరణించాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయనకు స్థానం లభించింది. 2009లో మరణానంతరం సాంకేతిక గ్రామీ పురస్కారం ప్రకటించారు.

ముఖ్యమైన యాంప్లిఫైయర్లు

* చాంప్ - సుమారు 5 వాట్లు. ఒకే ఒక్క పవర్ ట్యూబు. తక్కువ శబ్దంలోనే బొంగురుపోతుంది.
* డీలక్స్ (1955-60 రూపం) - సుమారు 15 వాట్లు. ధ్వని క్రమంగా మారుతుంది.
* బేస్‌మన్ (1958-60 రూపం) - సుమారు 40 వాట్లు. నాలుగు 10 అంగుళాల స్పీకర్లు. మార్షల్ జేటీఎమ్45కు మూలం.
* ట్విన్ రివెర్బ్ (1963) - 85 వాట్లు. రెండు 12 అంగుళాల స్పీకర్లు. పెద్ద వాల్యూములో కూడా స్వచ్ఛమైన ధ్వనికి ప్రసిద్ధి. ఫెండర్ కోరుకున్న ధ్వనికి చాలా దగ్గరగా వచ్చినది.