లెక్క అప్పగించిన గృహనిర్వాహకుడు
(జార్జి ముల్లర్ గారి జీవితమునుండి)

ధ్యానమునకు వాక్యభాగము: లూకా 16:1–13



మన కూటములలో ప్రార్థనను గూర్చి మాటలాడుకొందుము, ఉపవాసమును గూర్చి మాటలాడుకొందుము. డబ్బు సంగతి వచ్చునప్పటికి మాత్రము ఎవరి పెట్టె వారిది, ఎవరి అప్పు వారిది అని ఊరకుందుము. మన ప్రభువు ఆలాగు ఊరకుండలేదు. తన ఉపమానములలో ధనమును గూర్చి పలుమారులు బోధించెను. డబ్బు చేతిలోనున్నను దాని వేరు హృదయములో నుండునని ఆయన ఎరుగును. ఈ మాసము అనాథల తండ్రియని పేరొందిన జార్జి ముల్లర్ గారి జీవితమును చదువరుల యెదుట ఉంచుచున్నాము. ఆయన ప్రార్థనా జీవితము మనలో అనేకులు వినినదే. డబ్బు విషయములో ఆయన మనస్సు ఎట్లు మారినదో ఈసారి చూతము.

జార్జి 1805 సెప్టెంబరు 27వ తేదీన ప్రష్యా దేశములో జన్మించెను. తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పిల్లలు చిన్ననాటినుండియే డబ్బు జాగ్రత్తచేయుట నేర్చుకొనవలెనని తలంచి, ఆయన కుమారుల చేతికి వారి వయస్సునకు మించిన సొమ్ము ఇచ్చుచుండెను. అది ఖర్చుచేయుటకు కాదు, నిలువచేయుటకే. ఉద్దేశము మంచిదే గాని ఫలము వేరాయెను. జార్జి ఆ సొమ్మును పాడుచేసి, లెక్క అడిగినప్పుడు తప్పు లెక్క చెప్పుచుండెను. పదియేండ్లు నిండకముందే తండ్రి వద్దనున్న సర్కారు సొమ్ములో చేయిపెట్టెను. తండ్రికి అనుమానము కలిగి, ఒకనాడు కొంత సొమ్ము లెక్కించి గదిలో ఉంచి బయటికి వెళ్లెను. తిరిగివచ్చి చూడగా లెక్క తగ్గెను. వెదకగా ఆ నాణెములు బాలుని జోడులో పాదము క్రింద దొరకెను. దెబ్బలు తగిలెను. అయితే శిక్షవలన అతడు నేర్చుకొనినది దొంగతనము మానుట కాదు, మరుసటిసారి మరింత తెలివిగా చేయుట.

సంఘములో నిర్ధారణ పొందు సమయమున కూడ, బోధకునికి ఇమ్మని తండ్రి ఇచ్చిన రుసుములో పండ్రెండవవంతు మాత్రమే ఇచ్చి తక్కినది తానే ఉంచుకొనెను. 1821వ సంవత్సరము డిసెంబరులో, పదునారేండ్ల ప్రాయమున, సత్రములలో దొరవలె బసచేసి బిల్లులు చెల్లింపక చెరసాల పాలాయెను. తండ్రి డబ్బు పంపి విడిపించువరకు మూడు వారములకు పైగా అక్కడ నుండెను. 1825లో స్నేహితులతో కూడ స్విట్జర్లాండు దేశమునకు ప్రయాణమై వెళ్లెను. అందరి సొమ్ముగల సంచి అతని చేతిలోనే ఉండెను. తన వంతు తక్కువ పడునట్లు లెక్క నడిపి స్నేహితులనే మోసగించెను. అప్పటికి అతడు బోధకుడు కాగోరి హాలె పట్టణములో వేదశాస్త్రము చదువుచున్న విద్యార్థి!

ఆ సంవత్సరము నవంబరులో ఒక శనివారము సాయంకాలమున స్నేహితుడొకడు అతనిని ఒక విశ్వాసి యింట జరుగు చిన్న ప్రార్థన కూటమునకు తీసికొనిపోయెను. అక్కడ ఒక సహోదరుడు మోకాళ్లూని ప్రార్థించెను. ఒక మనుష్యుడు మోకరించి ప్రార్థించుట జార్జి అంతకుమునుపు ఎన్నడును చూడలేదు. తండ్రి దెబ్బలు చేయలేనిది, చెరసాల చేయలేనిది, ఆ రాత్రి ప్రభువు ప్రేమ ఆరంభించెను.

1829లో ముల్లర్ గారు ఇంగ్లాండు దేశమునకు వెళ్లిరి. పిమ్మట టీన్‌మౌత్ పట్టణమున ఒక చిన్న సంఘమునకు కాపరియైరి. జీతము సంవత్సరమునకు 55 పౌన్లు. ఆ జీతము దేవాలయములో కూర్చుండు స్థలములకు జనులు చెల్లించు అద్దెనుండి వచ్చుచుండెను. డబ్బుగలవారికి మంచి స్థలము, బీదవానికి వెనుక స్థలము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివినప్పుడు ఇది ఆయన మనస్సాక్షికి ముల్లువలె గుచ్చుకొనెను. 1830వ సంవత్సరము అక్టోబరులో ఆయన ఆ అద్దెలను, దానితోకూడ తన నియమిత జీతమును విడిచిపెట్టిరి. ఇష్టపూర్వకముగా ఇయ్యగోరువారికొరకు ఒక పెట్టె ఉంచబడెను. తన అక్కర దేవునికి తప్ప ఎవరికిని తెలుపకూడదని నిర్ణయించుకొనిరి.

ఇది చదివి, ఆయనకు భయము లేదని తలంపవద్దు. ఆ నవంబరులోనే ఇంటిలో ఎనిమిది షిల్లింగులు మాత్రము మిగిలెను. ఒక సహోదరి డబ్బు కావలెనా అని అడిగినను ఆయన తన అక్కర బయటపెట్టక మాట మార్చిరి. ఆమె తానుగానే సహాయముచేసెను. తరువాత జనవరిలో, తాను మితిమీరి సాహసించితినేమో యను సందేహము కొన్ని నిమిషములు ఆయనను పట్టుకొనెను. విశ్వాసులకు కూడ డబ్బు భయము వచ్చును. వచ్చిన భయమును కూర్చుండబెట్టి పోషింపక ఆయన దేవునియొద్దకు తీసికొనిపోయిరి. ఆ మొదటి సంవత్సరము ఆయనకు అందినది, విడిచిన జీతమునకు రెండింతలకు పైబడెను.

1832లో బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి, 1836 ఏప్రిలులో ముల్లర్ గారు మొదటి అనాథ శరణాలయము తెరచిరి. 1849లో ఆష్లీ డౌన్ కొండమీద పెద్ద గృహము తెరవబడెను. 1870నాటికి ఐదు గృహములు లేచి, రెండువేలకు పైగా పిల్లలకు చోటు కలిగెను. ఆయన జీవితకాలములో పదివేలకు పైగా అనాథలు అక్కడ పెరిగిరి. ఆయన చేతిమీదుగా నడచిన సొమ్ము సుమారు పదునైదు లక్షల పౌన్లు. ఇంత పనిలో ఆయన అప్పు చేయలేదు. రొట్టెకు, పాలకు వారమునకొకసారి చెల్లించు వాడుక కూడ అప్పువంటిదేనని తోచి, ఏ వస్తువునకు ఆ వస్తువునకు అప్పుడే సొమ్ము ఇచ్చుట మొదలుపెట్టిరి. ప్రతి సంవత్సరము నివేదిక అచ్చువేయించి, వచ్చిన చిన్న కాసువరకు లెక్క చూపిరి. ఇచ్చినవారి పేర్లు మాత్రము ప్రకటింపలేదు. తండ్రికి తప్పు లెక్క చెప్పిన ఆ బాలుడే ఈ లెక్క వ్రాసెనని మరువకుదము.

మరియొక సంగతి. శరణాలయము ప్రారంభ దినములలో, కుట్టుపనిచేసి వారమునకు కొన్ని షిల్లింగులు మాత్రము సంపాదించు రోగపీడిత సహోదరి యొకతె నూరు పౌన్లు ఇయ్యవచ్చెను. అవి ఆమెకు పిత్రార్జితముగా వచ్చినవి. ముల్లర్ గారు వెంటనే చేయి చాపలేదు. ఆమెను పిలిచి, ఇది క్షణికమైన ఉద్రేకము కాదు గదా, రేపు విచారపడవు గదా అని నెమ్మదిగా విచారించిరి. ఆమె అంతకుమునుపే తన తండ్రి అప్పులవారికి రావలసిన మిగులు చెల్లించి, తల్లికిని ఇచ్చియుండెను. ఆమె మనస్సు నిలుకడగానున్నదని తెలిసికొనిన పిమ్మటనే ఆ కానుక తీసికొనిరి. ఇచ్చుటలోకూడ హృదయమును పరీక్షింపవలెనని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

మన గోదావరి ప్రాంతమునకును ఈ కుటుంబమునకును బంధుత్వమున్నది. ముల్లర్ గారి భార్య మేరీ గారి అన్నయైన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారు దంతవైద్యుడుగా వచ్చు మంచి రాబడిని విడిచి, మొదట బాగ్దాదుకును తరువాత మన దేశమునకును వచ్చిరి. 1836లో బౌడెన్ గారి కుటుంబమును, బీర్ గారి కుటుంబమును ఆయనే వెంటబెట్టుకొనివచ్చిరి. నరసాపురము చుట్టుపట్ల గోదావరి డెల్టా మిషను ఆ విత్తనమునుండి మొలచినదే. గ్రోవ్స్ గారు 1853లో ముల్లర్ గారి యింటనే ప్రభువునందు నిద్రించిరి.

ముల్లర్ గారు 1898 మార్చి 10వ తేదీన మృతినొందిరి. తన స్వంతమునకని వచ్చిన సొమ్ములో 81 వేల పౌన్లకు పైగా ఆయన జీవితకాలములో దానముచేసిరి. మరణమునాటికి ఇంటి సామానులతో కలిపి ఆయన ఆస్తి 200 పౌన్లకు లోపే.

ప్రియులారా, మనమందరము జీతములు విడువవలెనని దీని భావము కాదు. పొలము దున్నువాడు దున్నవలెను, కూలికి పోవువాడు పోవలెను. అయితే ఈ మాసాంతమున ఒక రాత్రి దీపము యొద్ద కూర్చుండి మనలను మనము అడుగుకొందము. పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు మొదట కలుగు తలంపు కృతజ్ఞతయా, గర్వమా? పొరుగువాడు క్రొత్త యెడ్లజత కొనినప్పుడు మన కడుపులో ఏమి కదలును? పెండ్లికి అప్పుచేయునది అవసరమునకా, నలుగురిలో పేరునకా? నోటు వ్రాసియిచ్చిన వాని వీధిని తప్పించుకొని నడచుచున్నామా? భార్యకు తెలియక భర్తయు, భర్తకు తెలియక భార్యయు దాచినదేమి? సంఘపు సొమ్ము మన చేతిలోనున్న యెడల, ఎవరు అడిగినను వెంటనే లెక్క చూపగలమా? పిల్లలు మన నోటి బోధను గాక మన చేతి వాడుకను నేర్చుకొనుచున్నారని ఎరుగుదుమా?

ఇవి వ్రాయుచున్న మాకును ఈ ప్రశ్నలు సుళువైనవి కావు. మన జోళ్లలోకూడ పాదము క్రింద ఏదో ఒకటి దాగియుండును. దాని మీద అడుగువేయుచు కుంటుటకంటె, తీసి ప్రభువు యెదుట పెట్టుట మేలు. జక్కయ్య ఆలాగు చేసి తన యింట రక్షణను చూచెను.

ప్రార్థన: ప్రభువా, మా చేతులలోని సొమ్మును, దానిని పట్టుకొనియున్న మా మనస్సులను నీవు చూచుచున్నావు. మా భయమును, మా ఆశను, మా దాపరికమును క్షమించుము. కొంచెములో నమ్మకముగా నుండుటకు మాకు నేర్పుము. ఆమేన్.