స్వర్గపక్షులను వెదకిన వాలెస్
ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1823లో వేల్సు దేశమున ఒక పేద కుటుంబమున జన్మించెను. పేదరికముచే అతని చదువు చిన్ననాటనే ఆగిపోయెను. పక్షులన్నను, కీటకములన్నను అతనికి ప్రాణము. 1848లో అమెజాన్ అడవులకు పోయి, నాలుగేండ్లు శ్రమించి అనేక జంతువులను సేకరించెను. 1852లో తిరుగు ప్రయాణమున, నడిసముద్రములో ఓడ తగులబడెను. పది దినములు చిన్న పడవలో కొట్టుకొనిపోయి అతడు ప్రాణములు దక్కించుకొనెను. సేకరించిన సంపద మాత్రము బూడిదయ్యెను.

అయినను వాలెస్ అధైర్యపడలేదు. 1854లో మలయా ద్వీపములకు బయలుదేరెను. 1857లో ఆరూ దీవులలో సహాయకుడొకడు అతనికి ఒక చిన్న పక్షిని కొట్టి తెచ్చెను. అది రాజ స్వర్గపక్షి. దాని మేను నిగనిగలాడు కెంపువన్నె. తోకనుండి సాగిన రెండు సన్నని తీగల కొనలయందు మరకతముల వంటి పచ్చని బిళ్ళలుండెను. ఆ పచ్చదనము వట్టి రంగు కాదు. ఈకలలోని అతిసూక్ష్మమైన పొరలపై వెలుగు ప్రతిఫలించుటచే కలుగు మెఱుపు. చూచు దిక్కు మారినకొలది ఆ కాంతియు మారును. ద్వీపవాసులకు అది మనకు పిచ్చుకవలె పరిచితమైన పక్షి. వాలెస్ మాత్రము ఆనందపరవశుడయ్యెను.

ఆ వెంటనే అతనిని విచారము క్రమ్మెను. ఇంతటి సౌందర్యము ఎఱిగి మెచ్చువారు లేని అడవిలో తరతరములుగా వెలసి మాయమగుచుండెను. నాగరికులు అచటికి చేరినచో అది నశించును. కావున ప్రాణులన్నియు మానవుని కొఱకే పుట్టినవి కావని అతడు తలపోసెను. తాను పక్షులను చంపి, అమ్మి జీవించువాడే యైనను ఈ సత్యమును దాచక తన గ్రంథమున వ్రాసెను.

1862లో రెండు స్వర్గపక్షులను సజీవముగా లండనుకు చేర్చిన వాలెస్, 1913లో మరణించెను. టోపీల అలంకారమునకై అసంఖ్యాకములైన పక్షులు బలియైన పిమ్మట, 1921లో బ్రిటన్ ఈకల దిగుమతిని అరికట్టుచు చట్టము చేసెను. అతని భయము వ్యర్థము కాదని లోకము ఆలస్యముగా తెలిసికొనెను.